గోడలు లేని స్టూడియోకు కాపు ఎవరు? బస్తర్ స్వచ్ఛంద రేడియోలో ఆరోగ్యం, భద్రత

రేడియో స్టూడియోలో ప్రమాదం అనగానే తెగిన తీగ, కాలిన ప్లగ్గు, గాలి ఆడని గది గుర్తుకొస్తాయి. ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ ప్రాంతంలో ఈ జాబితా అక్కడితో ముగియదు. అక్కడ పేరుపొందిన ప్రజా ప్రసార వేదికకు పల్లెల్లో గది అంటూ లేదు. చేతిలోని మామూలు ఫోనే మైకు, చెట్టు నీడే స్టూడియో. జీతం ఆశించకుండా ఈ పని చేసేవారికి పిడుగు, మలేరియా, కరెంటు ఎంతటి ముప్పో, సొంత పేరుతో వినిపించిన ఒక ఫిర్యాదు కూడా అంతటి ముప్పే. వేతనం లేని పనిలో ప్రాణానికి, ఆరోగ్యానికి పూచీ ఎవరిది అన్న ప్రశ్న దేశంలోని సామాజిక రేడియో కేంద్రాలన్నింటికీ వర్తిస్తుంది. బస్తర్‌లో అది మరింత పదునుగా కనిపిస్తుంది.

ఫోన్‌లోకి చేరిన రేడియో

బస్తర్, కాంకేర్, కొండగావ్, నారాయణ్‌పూర్, దంతెవాడ, సుక్మా, బీజాపూర్ జిల్లాలతో కూడిన బస్తర్ డివిజన్ విస్తీర్ణం సుమారు 39 వేల చదరపు కిలోమీటర్లు. అంటే దాదాపు కేరళ రాష్ట్రమంత. హల్బీ, గోండి, దోర్లీ, ధుర్వా, భత్రీ ఇక్కడి వాడుక భాషలు. శబరి ఒడ్డున ఉన్న కోంటా పరిసరాల్లోని దోర్లీలో తెలుగు ప్రభావం స్పష్టంగా వినిపిస్తుంది. తెలుగు, గోండి రెండూ ద్రావిడ భాషల్లో ఒకే ఉపకుటుంబానికి చెందినవి. 2011 జనగణన ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా గలవారు సుమారు 29.8 లక్షల మంది. అయినా ఈ భాషకు రాజ్యాంగంలోని ఎనిమిదో షెడ్యూలులో చోటు లేదు. పత్రికలకు, టీవీకి ఈ భాషలు దూరంగా ఉండటంతో గొంతుతో నడిచే మాధ్యమానికి ఇక్కడ ప్రాధాన్యం ఏర్పడింది.

గాలి తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో స్పష్టం చేసింది. 2002లో విద్యాసంస్థలకు, 2006లో లాభాపేక్ష లేని సంస్థలకు కేంద్ర ప్రభుత్వం సామాజిక రేడియో అనుమతులకు దారి తెరిచింది. 2006 నాటి మార్గదర్శకాలు ప్రసార శక్తిని సాధారణంగా 100 వాట్లకు పరిమితం చేశాయి. యాంటెన్నా స్తంభం ఎత్తు 15 నుంచి 30 మీటర్ల మధ్య ఉండాలన్నాయి. సొంతంగా వార్తలు ప్రసారం చేయడానికి మాత్రం ఈ కేంద్రాలకు వీలు కల్పించలేదు.

ఈ పరిమితుల నేపథ్యంలోనే 2010లో ‘సీజీనెట్ స్వర’ మొదలైంది. బీబీసీలో పనిచేసిన పాత్రికేయుడు శుభ్రాంశు చౌదరి దీనికి సారథి. మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియా పరిశోధకులు సాంకేతికంగా తోడ్పడ్డారు. పద్ధతి సరళమైనది. ఒక నంబరుకు మిస్డ్‌కాల్ ఇస్తే, కంప్యూటర్ తిరిగి ఫోన్ చేస్తుంది. సందేశం రికార్డు చేయాలంటే 1, ఇతరుల సందేశాలు వినాలంటే 2 నొక్కాలి. వచ్చిన సందేశాలను మోడరేటర్లు విని, సరిచూసి, అందరికీ వినిపించేలా విడుదల చేస్తారు. నెట్‌వర్క్ అందని పల్లెల కోసం ఆ తర్వాత ‘బుల్టూ రేడియో’ వచ్చింది. సిగ్నల్ ఉన్నచోట కార్యక్రమాన్ని ఫోన్‌లోకి దించుకుని, బ్లూటూత్ ద్వారా ఒక ఫోన్ నుంచి మరో ఫోన్‌కు పంచుకునే ఏర్పాటు అది. బ్లూటూత్ అనే మాటకు పల్లె నోట వచ్చిన రూపమే బుల్టూ.

ఈ ఏర్పాటు ప్రసారాన్ని గోడల నుంచి విడిపించింది. గోడలతో పాటు వచ్చే రక్షణలు కూడా దానితోనే పోయాయి. స్టూడియో ఉంటే తలుపుకు తాళం ఉంటుంది, కరెంటుకు స్విచ్ ఉంటుంది, హాజరుకు రిజిస్టర్ ఉంటుంది. ఫోనే స్టూడియో అయినప్పుడు ఆ మూడింటి పనీ మనుషులే చేయాలి.

చట్టం దృష్టిలో స్వచ్ఛంద కార్యకర్త

పని ప్రదేశంలో భద్రతకు సంబంధించిన చట్టాలన్నీ ప్రధానంగా యజమాని, కార్మికుడు అనే సంబంధంపై నిలిచినవే. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తిపర భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి కూడా వేతనానికి పనిచేసే ఉద్యోగిని దృష్టిలో పెట్టుకున్నదే. జీతం లేకుండా సాయంత్రం రెండు గంటలు కార్యక్రమం నడిపే యువతికి, వారాంతంలో స్తంభం ఎక్కి తీగ సరిచేసే యువకుడికి ఇలాంటి చట్టాల నీడ తేలికగా దొరకదు. ప్రమాదం జరిగితే పరిహారం అడగడానికి నియామకపత్రం ఉండదు, జీతం రసీదు ఉండదు.

ఇందుకు ఒక ముఖ్యమైన మినహాయింపు ఉంది. పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో తెచ్చిన చట్టం ‘ఉద్యోగి’ అనే మాటను విశాలంగా నిర్వచించింది. ప్రతిఫలం ఉన్నా లేకపోయినా, స్వచ్ఛందంగా పనిచేస్తున్నా వారు ఆ నిర్వచనంలోకి వస్తారు. పది మంది లేదా అంతకు మించి పనిచేసే సంస్థలో అంతర్గత కమిటీ తప్పనిసరి. అంతకన్నా తక్కువ మంది ఉంటే జిల్లా స్థాయిలోని స్థానిక కమిటీకి ఫిర్యాదు చేయవచ్చు. మూసిన గదిలో ఇద్దరు ముగ్గురే పనిచేసే రేడియోలో ఈ సమాచారం గోడ మీద ఉండటం అవసరం.

మిగిలిన విషయాల్లో చట్టం వదిలిన ఖాళీని కేంద్రం నడిపే సంస్థే పూరించాలి. ప్రతి స్వచ్ఛంద కార్యకర్త పేరు, రక్తవర్గం, అత్యవసరంలో ఫోన్ చేయాల్సిన వ్యక్తి నంబరు నమోదు చేసుకోవడం, సామూహిక ప్రమాద బీమా తీసుకోవడం తక్కువ ఖర్చుతో జరిగే పనులు. బీమా పత్రంలో ‘ఉద్యోగులు’ అని మాత్రమే ఉంటే స్వచ్ఛంద కార్యకర్తలకు అది వర్తించకపోవచ్చు. కాబట్టి వారి ప్రస్తావన విడిగా ఉండేలా చూసుకోవాలి.

శబ్దాన్ని ఆపే గోడ గాలినీ ఆపుతుంది

ఫోన్ ఆధారిత వేదికలోనూ సందేశాలు వినే, కత్తిరించే, శిక్షణ ఇచ్చే గది ఒకటి ఎక్కడో ఉంటుంది. ఎఫ్ఎం ప్రసారమైతే స్టూడియో తప్పదు. ఆ గదిలో మొదటి సమస్య గాలి. బయటి శబ్దం లోపలికి రాకుండా కిటికీలు మూసి, తలుపు అంచులకు రబ్బరు పట్టీలు వేసి, ఫ్యాన్ చప్పుడు మైకులో పడుతుందని దాన్నీ ఆపేస్తారు. శబ్దానికి ఎంత మంచి గదో, ఊపిరికి అంత చెడ్డ గదిగా అది మారుతుంది.

ఒక చిన్న లెక్క చూస్తే విషయం తెలుస్తుంది. మూడు మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, రెండు మీటర్ల 70 సెంటీమీటర్ల ఎత్తు గల గదిలో గాలి సుమారు 24 ఘనపు మీటర్లు. కూర్చుని మాట్లాడే మనిషి గంటకు దాదాపు 20 లీటర్ల కార్బన్ డయాక్సైడ్ వదులుతాడు. గాలి మారని ఈ గదిలో నలుగురు అరగంట కూర్చుంటే కార్బన్ డయాక్సైడ్ 2,000 పీపీఎం దాటుతుంది. బయటి గాలిలో అది 420 పీపీఎంకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. గదిలో 1,000 దాటితే గాలి తగినంతగా మారడం లేదనడానికి సూచనగా భావిస్తారు. తలనొప్పి, మగత, తడబడే మాట దీని తొలి లక్షణాలు.

అంతకన్నా పెద్ద చిక్కు అంటువ్యాధులది. క్షయ గాలి ద్వారా వ్యాపిస్తుంది. దగ్గినప్పుడే కాకుండా మాట్లాడినప్పుడు, పాడినప్పుడు కూడా సూక్ష్మ తుంపరలు వెలువడతాయి. రేడియో గదిలో జరిగేదే మాట, పాట. మైకుపై వేసే నురుగు తొడుగును ఒకరి తర్వాత ఒకరు నోటి దగ్గర పెట్టుకుంటారు. ఎవరి తొడుగు వారికి ఉంచడం, లేదా సబ్బు నీటితో కడిగి ఎండబెట్టినవి మార్చి వాడటం మంచిది. రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవారిని కార్యక్రమం నుంచి తొలగించడం కన్నా, ఉచిత పరీక్ష జరిగే ప్రభుత్వ ఆసుపత్రికి పంపి, అంతవరకు ఆరుబయట రికార్డు చేయడం మేలు.

పరిష్కారాలు ఖరీదైనవి కావు. ప్రతి 20 నిమిషాల రికార్డింగ్ తర్వాత పది నిమిషాలు ఎదురెదురు తలుపులు, కిటికీలు తెరవాలి. ఒకేసారి గదిలో ఉండే వారి సంఖ్యకు హద్దు పెట్టాలి. గాలిని బయటికి లాగే ఫ్యాన్‌ను గోడకు నేరుగా కాకుండా, లోపల మెత్తని పూత గల వంపు గొట్టం చివర అమర్చితే చప్పుడు తగ్గుతుంది, గాలి ఆడుతుంది. బృందగానం, నాటిక వంటివి చెట్టు కింద రికార్డు చేస్తే పక్షుల కూతలు పడతాయేమో గానీ పాడేవారి ఊపిరితిత్తులు క్షేమంగా ఉంటాయి.

నురుగు, నిప్పు, కరెంటు

గోడలకు అతికించే పాలీయూరిథేన్ నురుగు పలకలు చూడటానికి స్టూడియో హంగు తెస్తాయి. నిప్పంటుకుంటే ఇవి క్షణాల్లో మండి కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ వాయువులను వెలువరిస్తాయి. అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో 2003 ఫిబ్రవరి 20న ఒక నైట్‌క్లబ్బులో, బాణసంచా నిప్పురవ్వలు గోడల మీది నురుగుకు అంటుకుని 100 మంది మరణించారు. రేడియో గదిలో బాణసంచా ఉండదు. వేడెక్కిన ఒక ప్లగ్గు, నాసిరకం ఛార్జరు ఉంటే చాలు. గోనె సంచులు, పాత బొంతలు చవక అయినా అవీ మండేవే. మందమైన మట్టి గోడ, రాతి ఉన్ని పలక వంటివి ధ్వనిని అదుపు చేస్తూ నిప్పుకు అంత తేలికగా లొంగవు. తలుపు బయటికి తెరుచుకోవాలి. కార్యక్రమం నడుస్తున్నప్పుడు బయటి నుంచి గొళ్లెం వేసే అలవాటు ఎక్కడ ఉన్నా వెంటనే మానాలి.

పల్లెల్లో కరెంటు తరచూ పోతుంది, వచ్చినప్పుడు వోల్టేజి ఎగసిపడుతుంది. ఎర్తింగ్ సరిగా లేని మిక్సర్‌కు కలిపిన లోహపు మైకు పెదవులకు తగిలితే షాకు కొట్టే ప్రమాదం ఉంది. అరచేతికి తగిలిన షాకు కన్నా తడి పెదవికి తగిలినది ఎక్కువ హాని చేస్తుంది. 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరాను తెంచే ఆర్‌సీసీబీ స్విచ్ మెయిన్ బోర్డులో ఉండాలి. ఇన్వర్టర్‌కు వాడే లెడ్ యాసిడ్ బ్యాటరీలు ఛార్జింగ్ సమయంలో హైడ్రోజన్ వదులుతాయి. కాబట్టి వాటిని మూసిన స్టూడియోలో కాకుండా గాలి ఆడే వసారాలో పెట్టాలి. కరెంటు మంటపై నీళ్లు చల్లకూడదు. పొడి లేదా కార్బన్ డయాక్సైడ్ నింపిన అగ్నిమాపక సిలిండరు తలుపు దగ్గర ఉండాలి, దాన్ని వాడటం కనీసం ఇద్దరికి తెలిసి ఉండాలి.

పిడుగు, స్తంభం, తరంగాలు

జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో పిడుగుపాటుకు 2,887 మంది మరణించారు. ప్రకృతి శక్తుల వల్ల సంభవించిన మరణాల్లో అదే అతి పెద్ద కారణం. మధ్య భారతంలోని అటవీ, వ్యవసాయ ప్రాంతాలు ఈ ముప్పును ఎక్కువగా ఎదుర్కొంటాయి. చుట్టూ ఉన్న ఇళ్లకన్నా ఎత్తుగా నిలిచే 15 నుంచి 30 మీటర్ల లోహపు స్తంభం పిడుగుకు సులభమైన దారి. స్తంభానికి ప్రత్యేక పిడుగు వాహకం, భూమిలోకి మంచి ఎర్తింగ్, యాంటెన్నా కేబులుకు సర్జ్ అరెస్టరు తప్పనిసరి. కేబులును ఉరుములు మొదలుకాక ముందే విడదీయాలి. ఉరుములు వస్తుండగా దాన్ని ముట్టుకోవడమే ప్రమాదం.

మెరుపు కనిపించిన 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు దగ్గర్లోనే ఉందని అర్థం. వెంటనే పక్కా భవనంలోకి వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగాలి. చెట్టు కింద రికార్డు చేసే బస్తర్ కార్యకర్తలకు ఈ నియమం మరీ ముఖ్యం. వానాకాలంలో చెట్టు నీడ స్టూడియోగా పనికిరాదు. పుణేలోని భారత ఉష్ణమండల వాతావరణ సంస్థ రూపొందించిన ‘దామిని’ యాప్ పిడుగు హెచ్చరికలు ఇస్తుంది. అయితే నెట్‌వర్క్ లేనిచోట చెవే హెచ్చరిక.

ట్రాన్స్‌మిటర్ తరంగాల పట్ల ప్రజల్లో భయం ఎక్కువ, సమాచారం తక్కువ. ఎఫ్ఎం పౌనఃపున్యాల వద్ద మానవ శరీరం తరంగాలను అధికంగా గ్రహిస్తుంది. అందుకే అంతర్జాతీయ పరిమితులు ఆ శ్రేణిలోనే అత్యంత కఠినంగా, సామాన్య ప్రజలకు చదరపు మీటరుకు 2 వాట్లుగా ఉన్నాయి. 100 వాట్ల ప్రసారానికి లెక్కిస్తే యాంటెన్నా నుంచి సుమారు రెండున్నర, మూడు మీటర్ల లోపే ఆ హద్దు దాటుతుంది. అంటే కింద గదిలో ఉన్నవారికి దీనివల్ల ఆందోళన అక్కర్లేదు. ముప్పు స్తంభం ఎక్కేవారికే. ట్రాన్స్‌మిటర్ ఆపి, ఆపిన వ్యక్తే దాని తాళం దగ్గర పెట్టుకుని, నడుముకు రక్షణ పట్టీ ఉన్న శిక్షితుడినే పైకి పంపాలి. ఉత్సాహం ఉన్న ప్రతి కుర్రాడూ స్తంభం ఎక్కడానికి అర్హుడు కాడు.

చెవి, నడుము, దోమ

సందేశాలు వినే మోడరేటర్ల పరికరం హెడ్‌ఫోన్. ఫోన్ రికార్డింగులు మందంగా, గాలి చప్పుడుతో నిండి ఉంటాయి. మాట పట్టుకోవడానికి శబ్దం పెంచుకుంటూ పోవడం సహజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన ప్రకారం పెద్దలకు వారానికి 40 గంటల పాటు 80 డెసిబెల్స్ సురక్షితమైన హద్దు. 90 డెసిబెల్స్ అయితే వారానికి నాలుగు గంటలే. ప్రతి మూడు డెసిబెల్స్ పెరుగుదలకు సురక్షిత సమయం సగమవుతుంది. శబ్ద స్థాయిని సమం చేసే సాఫ్ట్‌వేర్‌తో ముందు సందేశాన్ని శుభ్రం చేసి ఆ తర్వాత వినడం, గంటకోసారి చెవులకు విరామం ఇవ్వడం మంచిది. రికార్డింగ్ ముగిశాక చెవిలో గుయ్యిమనే శబ్దం మిగిలితే అది హెచ్చరికగా తీసుకోవాలి.

బస్తర్ చాలాకాలంగా మలేరియా తీవ్రంగా ఉన్న ప్రాంతం. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం 2020 జనవరిలో ‘మలేరియా ముక్త్ బస్తర్’ పేరుతో ఇంటింటి పరీక్షలు, చికిత్స కార్యక్రమం చేపట్టింది. పొలం పని ముగిశాకే మనుషులు దొరుకుతారు కాబట్టి రేడియో పని సాయంత్రాల్లో, రాత్రుల్లో సాగుతుంది. దోమలు కుట్టే వేళా అదే. పల్లెల్లో రాత్రి బస చేసే కార్యకర్త సంచిలో రికార్డరుతో పాటు దోమతెర, టార్చి, నీళ్లు ఉండాలి. చీకటి దారిలో కాళ్లకు బూట్లు, చేతిలో టార్చి పాముకాటును చాలావరకు నివారిస్తాయి. కాటు పడితే మంత్రం, కోత, కట్టు వంటివి చేయకుండా విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి వెంటనే చేర్చాలి. జ్వరం వచ్చిన రోజే రక్తపరీక్ష చేయించుకోవాలని శ్రోతలకు చెప్పే కార్యకర్త ముందుగా తాను పాటించాలి.

నంబరు దాచినా గొంతు దాగదు

ఇంతవరకు చెప్పినవి ఏ ఊరి స్టూడియోకైనా వర్తిస్తాయి. బస్తర్‌కు ప్రత్యేకమైన ముప్పు మాటలోనే ఉంది. సీజీనెట్ స్వరలో సందేశానికి ఒక అలవాటైన రూపం ఉంది. మాట్లాడే వ్యక్తి తన పేరు, ఊరు, జిల్లా చెబుతారు. చెడిపోయిన చేతిపంపు, అందని ఉపాధి కూలి, రాని రేషను గురించి వివరిస్తారు. సంబంధిత అధికారి ఫోన్ నంబరు చెప్పి, శ్రోతలను ఆయనతో మాట్లాడమని కోరతారు. ఈ పద్ధతికి ఫలితాలు వచ్చాయి. పేరు చెప్పి అడిగినప్పుడే అధికారి జవాబివ్వాల్సి వస్తుంది. ఆ పేరే మాట్లాడిన వ్యక్తిని పట్టి ఇస్తుంది కూడా. బలం, ముప్పు రెండూ ఒకే మాటలో ఉన్నాయి.

ఈ ప్రాంతంలో మాటకు చెల్లించిన మూల్యం తెలిసినదే. బీజాపూర్ జిల్లా పాత్రికేయుడు సాయి రెడ్డిని 2008లో పోలీసులు రాష్ట్ర ప్రజాభద్రతా చట్టం కింద అరెస్టు చేశారు. 2013 డిసెంబర్ 6న బాసగూడ వద్ద ఆయనను మావోయిస్టులు హత్య చేశారు. ఇరుపక్షాలూ ఒకే మనిషిని అనుమానించిన ఉదంతం అది. రోడ్డు పనుల్లో అక్రమాల గురించి వార్తలందించిన బీజాపూర్ పాత్రికేయుడు ముకేశ్ చంద్రాకర్ 2025 జనవరి 1న అదృశ్యమయ్యారు. రెండు రోజుల తర్వాత ఆయన మృతదేహం ఒక సెప్టిక్ ట్యాంకులో బయటపడింది. ప్రధాన నిందితుడిగా పేర్కొన్న గుత్తేదారును పోలీసులు హైదరాబాద్‌లో పట్టుకున్నారు.

పాత్రికేయుల రక్షణకు ఛత్తీస్‌గఢ్ శాసనసభ 2023 మార్చిలో బిల్లును ఆమోదించింది. వృత్తి పాత్రికేయుడికి సంస్థ, గుర్తింపు కార్డు, సహచరుల సంఘం ఉంటాయి. ఫోన్‌లో రెండు నిమిషాలు మాట్లాడిన రైతుకు, కూలికి, అంగన్‌వాడీ కార్యకర్తకు అవేవీ ఉండవు. తాము చేసింది పాత్రికేయమని కూడా వారు అనుకోరు. అందుకే వారి భద్రత పూర్తిగా వేదిక పాటించే పద్ధతిపై ఆధారపడుతుంది.

పేరు, నంబరు తీసేస్తే సరిపోతుందనుకోవడం పొరపాటు. యాభై గడపల పల్లెలో అందరి గొంతూ అందరికీ తెలుసు. భాష యాస ఊరిని చెబుతుంది, కథనంలోని వివరం వీధిని చెబుతుంది, వెనుక వినిపించే గంట ఏ గుడిదో చెబుతుంది. సున్నితమైన సందేశాన్ని మరొకరి గొంతుతో చదివించడం, ఒక్కరి ఫిర్యాదును పది మంది ఉమ్మడి ఫిర్యాదుగా రికార్డు చేయడం, ప్రసారాన్ని కొన్ని రోజులు ఆలస్యం చేయడం ఇలాంటి చోట్ల పనికొస్తాయి. ఉమ్మడి గొంతుకు ఒక అదనపు ప్రయోజనం ఉంది. అది ఫిర్యాదుదారుణ్ని కాపాడటంతో పాటు ఫిర్యాదులోని నిజానికి సాక్ష్యం కూడా అవుతుంది.

అనుమతి అడగడం కూడా రెండు దశల్లో జరగాలి. రికార్డు చేయడానికి ఒకసారి, వినిపించడానికి మరోసారి. రెండో ప్రశ్న మరుసటి రోజు అడిగితే మంచిది. కోపంలో చెప్పిన మాటను చల్లబడ్డాక మనిషి వేరుగా తూస్తాడు. ఎవరు వింటారు, ఎంతకాలం ఉంటుంది, వద్దనుకుంటే ఎలా తీసేయించాలి అన్నది వారి భాషలోనే చెప్పాలి. ఫోన్ నంబరు వ్యక్తిగత సమాచారం. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం స్ఫూర్తి ప్రకారం అవసరం తీరిన సమాచారాన్ని ఉంచుకోకూడదు. కాల్ చేసినవారి నంబర్ల జాబితా స్వచ్ఛంద కార్యకర్త సొంత ఫోన్‌లో ఉండటం, ఆ ఫోన్ పోగొట్టుకున్నా తనిఖీకి గురైనా, అందరికీ చేటు తెస్తుంది. బ్లూటూత్‌తో కార్యక్రమాలు పంచేవారు పని ముగిశాక వాటిని ఫోన్ నుంచి తొలగించడం అలవాటు చేసుకోవాలి.

ఆరోగ్య సందేశాల విషయంలో మరో రకం భద్రత ఉంది. ‘స్వాస్థ్య స్వర’ పేరుతో సంప్రదాయ వైద్యుల సలహాలు వినిపించే ప్రయత్నం కూడా ఈ వేదిక నుంచి జరిగింది. ఆసుపత్రి దూరమైన చోట ఇలాంటి సమాచారానికి గిరాకీ ఉంటుంది. అదే సమయంలో ఒక మోతాదు తప్పు వినిపిస్తే వందల ఇళ్లకు చేరుతుంది. జ్వరం, పాముకాటు, గర్భిణుల సమస్యలకు సంబంధించిన ఏ సందేశాన్నైనా వైద్య పరిజ్ఞానం ఉన్నవారు విన్నాకే విడుదల చేయాలి.

వినేవారి మనసు

మోడరేటర్లు రోజంతా ఇతరుల కష్టాలు వింటారు. మరణం, ఆకలి, దాడి గురించి ఏడుస్తూ చెప్పిన మాటలను పలుమార్లు వెనక్కి తిప్పి, రాసుకుని, కత్తిరించాల్సి వస్తుంది. సహాయం చేయలేని స్థితిలో పదేపదే వినడం నిద్రలేమికి, చిరాకుకు, నిర్లిప్తతకు దారితీస్తుంది. విపత్తు వార్తలు సేకరించే పాత్రికేయుల్లో ఈ లక్షణాలను మానసిక వైద్యులు గుర్తించారు. జీతం లేని కార్యకర్త సెలవు అడగడు, ఎందుకంటే అడగాల్సిన పై అధికారి లేరు. ఒక్కరి మీదే ఇలాంటి సందేశాల భారం పడకుండా వంతులు వేయడం, వారానికోసారి కూర్చుని మాట్లాడుకోవడం, అవసరమైతే ప్రభుత్వ ‘టెలి మానస్’ సహాయ నంబరు 14416కు ఫోన్ చేయమని చెప్పడం సంస్థ చేయగలిగిన పనులు.

మాచ్‌నూర్ అనుభవం

గది ఉన్న స్వచ్ఛంద రేడియోకు తెలుగునేలపై తొలి ఉదాహరణ సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలోని మాచ్‌నూర్. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన దళిత మహిళా సంఘాల చేతుల్లో ‘సంఘం రేడియో’ అక్కడ 2008 అక్టోబర్ 15న 90.4 మెగాహెర్ట్జ్‌పై మొదలైంది. యునెస్కో తోడ్పాటుతో 1990ల చివర్లోనే స్టూడియో సిద్ధమైనా అనుమతి రావడానికి దాదాపు పదేళ్లు పట్టింది. అంతవరకు వారు క్యాసెట్లలో రికార్డు చేసి సంఘం సమావేశాల్లో వినిపించారు.

ఆ అనుభవం నుంచి బస్తర్‌కు, మిగతా కేంద్రాలకు అందే పాఠం ఒకటుంది. పరికరాలు నడిపేది బడి చదువు అంతగా లేని పల్లె మహిళలు అయినప్పుడు, భద్రతా నియమాలను హిందీలోనో ఇంగ్లిషులోనో అచ్చేసి గోడకు అతికిస్తే ప్రయోజనం లేదు. చదవలేని హెచ్చరిక హెచ్చరిక కాదు. రేడియో చేతిలో ఉండగా కాగితం మీద ఆధారపడాల్సిన అవసరమూ లేదు. ఒక నిమిషం నిడివి గల భద్రతా సూచనను గోండి, హల్బీ, దోర్లీ, లేదా తెలంగాణ పల్లె తెలుగులో రికార్డు చేసి, ప్రతిరోజూ పని మొదలుపెట్టే ముందు కార్యకర్తలందరికీ వినిపించవచ్చు. బ్రేకరు ఎక్కడుంది, తలుపు ఎటు తెరుచుకుంటుంది, ఈ రోజు బాధ్యురాలు ఎవరు, ఉరుము వినిపిస్తే ఏం చేయాలి అన్న నాలుగు విషయాలు అందులో ఉంటే చాలు.

గోండి విషయంలో దీనికి మరో జాగ్రత్త కావాలి. ఆదిలాబాద్ గోండికి, అబూజ్‌మాడ్ గోండికి మధ్య వ్యత్యాసాలున్నాయి. ఒక మాండలికంలో సహజంగా ఉన్న మాట మరోచోట అర్థం కాకపోవచ్చు. భద్రతా సూచనను విన్నవారు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పగలిగితేనే అది చేరినట్టు లెక్క.

ఒకరి పేరు రాసి ఉండాలి

స్వచ్ఛంద సంస్థల్లో తరచుగా వినిపించే మాట ‘భద్రత అందరి బాధ్యత’ అన్నది. ఆచరణలో అందరిదీ అయిన పని ఎవరిదీ కాకుండా పోతుంది. ప్రతి వంతుకూ ఒక భద్రతా బాధ్యుడి పేరు బోర్డుపై ఉండాలి. ప్రసారం ఆపే అధికారం ఆ వ్యక్తికి ఉండాలి. కార్యక్రమ నిర్మాత, సంస్థ కార్యదర్శి కూడా ఆ మాటకు కట్టుబడాలి. ఒంటరిగా పల్లెకు వెళ్లే కార్యకర్త ఎక్కడికి, ఎప్పటికి అన్నది ఒకరికి చెప్పి వెళ్లాలి. చెప్పిన వేళకు తిరిగి రాకపోతే ఎవరు ఎవరికి ఫోన్ చేయాలో ముందే నిర్ణయించాలి. మహిళలను రాత్రివేళ ఒంటరిగా పంపకూడదు, అలాగని రాత్రి కార్యక్రమాల నుంచి వారిని తప్పించకూడదు. తోడు, వాహనం ఏర్పాటు చేయడమే సరైన పద్ధతి.

చిన్న ప్రమాదాలను, త్రుటిలో తప్పిన ప్రమాదాలను ఒక నోటుపుస్తకంలో రాసుకోవడం మరో అవసరం. తగిలిన చిన్న షాకు, వచ్చిన బెదిరింపు ఫోన్, ఎవరో అడిగిన అనుమానాస్పద ప్రశ్న అన్నీ తేదీతో సహా అందులో ఉండాలి. మూడోసారి జరిగినప్పుడు అది యాదృచ్ఛికం కాదని ఆ పుస్తకమే చెబుతుంది. పోలీసులకు ఫిర్యాదు చేయాల్సి వస్తే అదే ఆధారం.

సామాజిక రేడియో మార్గదర్శకాల ప్రధాన దృష్టి అర్హత, ప్రసార శక్తి, స్తంభం ఎత్తు, కార్యక్రమాల స్వభావంపై ఉంది. అనుమతుల సమయంలో స్తంభం కొలతలు అడిగే వ్యవస్థ, స్తంభం కింద పనిచేసే మనుషుల బీమా గురించి, మాట్లాడినవారి వివరాల గోప్యత గురించి కూడా అడిగితే పెద్ద ఖర్చు లేకుండా పెద్ద మార్పు వస్తుంది. అది జరిగేవరకు, ఒక పల్లెటూరి మనిషి తన గొంతును నమ్మి అప్పగించిన ప్రతి కేంద్రం ఆ గొంతుకు, ఆ మనిషికి కలిపి పూచీ పడాల్సి ఉంటుంది.